ఎర్ర కారు ఎత్తు

మార్చి తొమ్మిది, ఆదివారం. మార్టూరులో ఉన్నవాళ్లం: గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే నా తోడల్లుడు, మా ఆడవాళ్లిద్దరు, నేను.

ట్రయల్ కోసం తెప్పించిన రెండు స్పోర్ట్స్ కార్లు అతని ఇంటి ముందున్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. జీవితమంతా స్కూటర్ మీద తిరిగిన నాకు కడుపు మండింది.

“అన్నయ్యగారూ, మీరు ఏదైనా కొలిచి చెప్పే మనిషి. ఏది తీసుకోమంటారు?” అన్నాడు.

రెండింటి కిందా స్కేలు పెట్టాను. ఎర్రది బాగా కిందికి ఉంది. గేటు ముందు ర్యాంపుకి దాని అడుగు గీసుకుపోవడం ఖాయం. ఆ మాట డైరీలో రాసుకుని, పైకి “ఎర్రదే” అన్నాను.

మర్నాడు పొద్దున కాఫీ వేళకి అతని పనివాళ్లు ర్యాంపు పగలగొట్టి గ్రానైట్ పలకలతో చదును చేస్తున్నారు.

“మీరు స్కేలు పెట్టినప్పుడే అర్థమైందండి. మీరు లేకపోతే కారు పాడైపోయేది” అన్నాడు.

అవునన్నాను.