బ్రేకు మావయ్య దేశం దాటడం

చుట్టాలందరికీ ఆయన బ్రేకు మావయ్య. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఎవరి కారులో ముందు సీట్లో కూర్చున్నా ఆయన కుడికాలు ఊరుకోదు. ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే చాలు, అక్కడ లేని బ్రేకును గట్టిగా తొక్కేస్తుంది. అది చూసి కిసుక్కున నవ్వి ఆ పేరు పెట్టింది మేనకోడలు. పిలిచీ పిలిచీ అదే ఖాయమైపోయింది.

ఊరందరినీ మోసిన ఆ మనిషికి ఇంట్లో ఒక లోటుండేది. భార్యకు బండి పడదు. బస్సయినా కారయినా ఒక్క మలుపు తిరిగిందంటే ఆవిడకు కడుపులో తిప్పేస్తుంది. పెళ్లయిన కొత్తలో ముచ్చటపడి తన బస్సులోనే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. మూడో స్టాపులో ఆవిడ దిగిపోయి, చెంగుతో మూతి తుడుచుకుంటూ, "మీరు పదండి, నేను నడిచొస్తా" అంది. ఆ తర్వాత ఆవిడ చూసిన లోకమంతా కాళ్లు తీసుకెళ్లగలిగినంత మేరే. "అందరినీ తిప్పుతావు, పెళ్లాన్ని మాత్రం గడప దాటించవు" అని చుట్టాలు ఆటపట్టించేవాళ్లు. ఆయనా వాళ్లతోపాటు నవ్వేసేవాడు గానీ, లోపలెక్కడో కలుక్కుమనేది.

ఆయన్ని పరదేశం పంపాలన్న ఆలోచన ఆవిడదే. ఒకరోజు మేనకోడలు ఫోనులో ఏదో పెద్ద నగరం ఫొటోలు చూపిస్తుంటే, ఆయన రెప్ప వేయకుండా చూడటం ఆవిడ కనిపెట్టింది.

"మీరొక్కరూ వెళ్లి రండి," అంది.

"నువ్వు లేకుండానా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నన్ను ఎక్కించుకుంటే ఆ విమానం వాళ్లేమనుకుంటారో అది ఆలోచించండి ముందు."

మేనకోడలు టికెట్టు తీసింది. కాలేజీ రోజుల్లో తను కొండలెక్కినప్పటి వీపుసంచి తెచ్చి ఆయన భుజాలకు తగిలించి, పట్టీలు బిగించింది. "మావయ్యా, భలే ఉన్నావు. అత్తా, నువ్వు ఏడవకు."

"నేనెందుకు ఏడుస్తానే? ముందు ఆయన్ని చూడు," అంది అత్త. నిజమే, కళ్లు తుడుచుకుంటున్నది ఆయనే.

అక్కడ ఆయనకు దొరికింది చవగ్గా తిరిగేవాళ్లు దిగే ఒక హాస్టలు గది. మంచం మీద మంచం, అన్నిటి మీదా కుర్రకారు. ఆయనకు పై మంచం వచ్చింది. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం మరో ఎత్తు. పిల్లలు మంచివాళ్లే. పలకరింపుగా నవ్వి, సంచులు తగిలించుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవారు. ఆయన వీధి చివరి దాకా వెళ్లాడు. అక్కడ బళ్లు మనకు అలవాటైన వైపున కాకుండా రెండో వైపున వస్తాయి. కుడికి చూసి అడుగు వేస్తే ఎడమ నుంచి హారన్ మోగింది. వెనక్కి గెంతాడు. జీవితమంతా రోడ్డు మీదే బతికిన మనిషికి రోడ్డు దాటడం చేతకాలేదు. కింద కొట్లో రొట్టె కొనుక్కుని, గదికొచ్చి పై మంచమెక్కి కూర్చున్నాడు. మర్నాడూ అంతే.

సాయంత్రం భార్య ఫోను. "ఇవాళ ఏం చూశారు?"

"మ్యూజియం."

"లోపల ఏమున్నాయి?"

"బొమ్మలు."

"ఎలాంటివి?"

"అవీ... రకరకాలవి."

ఆవిడ మెల్లగా, "ఏమండీ, తిన్నారా?" అంది. ఆ ప్రశ్నకు మాత్రం ఆయన అబద్ధం ఆడలేకపోయాడు. "వీధి దాటి పోలేదే. భయమేస్తోంది."

ఆవిడ నవ్వలేదు. "ఆ ఊళ్లో బస్సుల్లేవా? మీకు భయం లేనిది అదొక్కటే కదా. ఎక్కి కూర్చోండి. ఎక్కడికి పోతే అక్కడికి."

పొద్దున్నే ఆయన మొదట వచ్చిన బస్సెక్కి, డ్రైవరు పక్క వరసలో కూర్చున్నాడు. డ్రైవరు ఒకావిడ, నెరిసిన పొట్టి జుట్టు. ప్రతి సిగ్నలు దగ్గరా ఆయన కాలు నేలను తొక్కుతూనే ఉంది. అద్దంలో చూసిన ఆవిడ, బస్సాగాక వెనక్కి తిరిగి, ఆయన కాలి వంక చూపించి, గాల్లో స్టీరింగు తిప్పుతూ కళ్లెగరేసింది. ఆయన తలూపాడు. ఆవిడ పగలబడి నవ్వింది.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. వరస ఇళ్లు, ఒక రాతి బల్ల. ఆవిడ టిఫిను డబ్బా తెరిచి, బల్ల మీద పక్కకు జరిగింది. ఆయన బిస్కెట్లు తీశాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ మోకాలు పట్టుకుని మూలిగితే, ఆయన తన మోకాలు చూపించాడు. ఇద్దరికీ అదే కాలు. మళ్లీ నవ్వు. బయల్దేరే వేళకు ఆవిడ రమ్మని చెయ్యి ఊపింది. ఆయన వచ్చిన దారి వంక చూశాడు. పల్లంగా, చెట్ల నీడలో, తీరుబడిగా ఉంది. నడిచి వెళ్తానని వేళ్లతో చూపించి, భార్యకు ఫోను కలిపాడు.

"నడుస్తున్నా. నువ్వూ రా."

"ఎక్కడికండీ?"

"ఇక్కడికే. కుడి పక్క గోడ మీద పిల్లి పడుకుంది. దాటామా? ఇదిగో, ఒక ఇంట్లో బట్టలు ఆరేశారు. చొక్కాలన్నీ తలకిందులుగా."

"తెలివైంది. భుజాల దగ్గర క్లిప్పుల గుర్తులు పడవు. ఆ తర్వాత?"

పల్లం అయిపోయి చిన్న ఎత్తు వచ్చింది. ఆయన చకచకా ఎక్కుతున్నాడు.

"ఆగండి, నెమ్మదిగా. నాకు ఆయాసం వస్తోంది."

ఆయన టక్కున ఆగిపోయాడు. ఎవరిదో ఇంటి మెట్టు కనబడింది. "సరే, కాసేపు కూర్చుందాం."

కూర్చున్నారు. అటునుంచి ఆవిడ ఊపిరి వినబడుతోంది. కాసేపటికి, "పదండి" అంది.

ఇక రోజూ అదే పని. ఏదో ఒక బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లడం, అక్కణ్నుంచి ఇద్దరూ నడిచి రావడం. నాలుగైదు రోజులు పోయాక మేనకోడలు ఫోను చేసి మందలించింది. "మావయ్యా, అత్తని అంత దూరం నడిపించకు. నీ ఫోను వచ్చే వేళకి చెప్పులేసుకుని సిద్ధంగా ఉంటోంది. నువ్వు మాట్లాడినంతసేపూ వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంటుంది. రాత్రి కాళ్లు నొప్పులంటోంది."

మర్నాడు ఆయన సగం దూరమే నడిచాడు. ఎందుకని ఆవిడ అడిగితే, తనకే కాళ్లు లాగుతున్నాయన్నాడు.

తిరిగొచ్చాక చుట్టాలు చుట్టూ చేరి ఏం చూశావంటే ఏం చూశావని అడిగారు. ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఏ మలుపులో ఎండ మొహాన కొడుతుంది, అన్నీ చేతులు తిప్పుతూ చెబుతోంది. ఆయన అడ్డు తగల్లేదు. పక్కన కూర్చుని, మొదటిసారి వింటున్నట్టు వింటున్నాడు.