నల్లంచు రాఖీ కార్డు

బతికున్న మా నాన్నను ఒక మధ్యాహ్నం పూట చంపేసిన ఘనురాలిని నేను. అదీ కత్తితో కాదు, బెండకాయతో, నల్ల సిరాతో. కంగారు పడకండి. ఆయన ఈ క్షణాన కూడా వరంగల్‌లో మా చీరల కొట్టులో కూర్చుని, "అమ్మా, ఈ రంగు నీకోసమే పుట్టింది" అని ఎవరికో అబద్ధం చెబుతూనే ఉంటాడు. కానీ ఆ రోజు మాత్రం ఆయన పోయాడు. ఏడుపులు కూడా ఘనంగా జరిగాయి.

ముందు మా అత్త గురించి చెప్పాలి. నాన్నకు ఒక్కతే అక్క, నెక్కొండలో ఉంటుంది. మా గృహప్రవేశానికి వస్తే నాన్న ఆవిడకు చీర పెట్టాడు. కొట్టు నిండా చీరలున్న మనిషి సొంత అక్కకు ఏం పెట్టాలి? ఎన్ని దసరాలు వచ్చిపోయినా ఎవరూ కొనని చిలకపచ్చ చీర తీసి పెట్టాడు. అత్త మాత్రం తక్కువ తిన్నదా? బట్టల కొట్టు ఇంట్లో పుట్టిన మనిషి. మడత చూడగానే ఆ చీర వయసు కనిపెట్టేసింది.

"మూలకు పడ్డ మాలు అక్కకా, తమ్మీ?" అంది. చీర అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఆ కోపంలో మా అందరి నంబర్లూ ఫోనులోంచి తీసేసింది. ఆ ఏడు రాఖీ పున్నమికి రాలేదు.

మా వైపు రాఖీ అంటే మాటలు కాదు. ఆ రోజు బస్సులన్నీ తమ్ముళ్ల దగ్గరికి పోయే అక్కలతోనే నిండిపోతాయి. నాన్న ఆ రోజు పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టుకుని కూర్చున్నాడు.

"గింత ఉక్కపోస్తాంది, చేతులు మలుసుకోరాదు?" అంది అమ్మ.

"నాకు చలి పెడ్తాంది" అన్నాడు.

శ్రావణమాసంలో, కిక్కిరిసిన కొట్టులో, చలి! ఆ బోసి చెయ్యి ఎవరికీ కనబడకూడదని ఆయన పడిన పాట్లు చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మరుసటి ఏడు శ్రావణం వచ్చేసరికి, అత్తను ఎలాగైనా రప్పించాలని నేనే నడుం కట్టాను.

అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. చదువు తప్ప మిగతావన్నీ ఫోనులో చూసి నేర్చుకునేదాన్ని. చేత్తో కార్డు చేసి పంపితే రాతిగుండె కూడా కరుగుతుందని ఒక వీడియోలో ఒక అమ్మాయి చెప్పింది. నమ్మాను. చీరల పెట్టె అట్ట అడుగున పెట్టాను. దాని మీద కాస్త చిన్నగా బంగారు కాగితం, దాని మీద ఇంకాస్త చిన్నగా మీగడరంగు కాగితం, మెట్లు మెట్లుగా అంటించాను. మధ్యలో స్పాంజి ముక్కలు పెడితే పై కాగితం ఉబ్బి పూరీలా లేచింది. ఇక అచ్చులు. బెండకాయను అడ్డంగా కోసి, ఎర్రరంగులో ముంచి అద్దితే చక్కటి పువ్వు పడింది.

"కూరకు తెచ్చిన బెండకాయలు ఏడ పోయినయే?" అని వంటింట్లోంచి అమ్మ.

"పూలైనయమ్మా."

"ఏం పిచ్చే నీకు!"

లోపల నాన్న రాసినట్టుగా, "అక్కా, నీ చేత్తో రాఖీ కట్టించుకోవాలని ఉన్నది. రా. నీ తమ్ముడు" అని రాశాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? కార్డు అంచులకు నల్లరంగు అద్దితే పాతకాలపు అందం వస్తుందని ఆ వీడియో అమ్మాయి అంది. కొట్టులో రసీదుల మీద ముద్ర వేసే నల్ల స్టాంప్ ప్యాడ్ ఉంది. కార్డు నాలుగు అంచులకూ అద్దాను. జత కుదరాలని కవరు అంచులకూ అద్దాను. వెనక పెద్ద అక్షరాలతో ఒక్క నాన్న పేరే రాసి, పోస్టులో వేసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పూస్తారని నాకు తెలుసు. నల్లంచు కాగితం చావు కబురని, దాన్ని గడప కూడా దాటించరని నాకేం తెలుసు? నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చావు కబుర్లన్నీ ఫోనులోనే వచ్చేవి. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాకు కోతి అయినా బాగుండేది, పాడె అయింది.

రాఖీకి ఇంకా కొన్నాళ్లుందనగా, గిరాకీ మీదున్న కొట్టులోకి మా అత్త తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది.

"షట్టర్ గూడ దించలేదా! ఇంటాయన పోతే బేరాలు చేస్తాన్రా మీరు?"

"ఎవరు పోయిన్రత్తా?" అన్నాను, గల్లాపెట్టె దగ్గర్నుంచి.

"ఎవరని నన్నడుగుతానవా, పొల్లా!"

చీరలు పరిచే తెల్లటి పరుపు మీద కూలబడి గుండెలు బాదుకుంది. "ఓ తమ్ముడో! సైకిల్ మీద నన్ను బడికి తోలుకపోతివి తమ్ముడో! నా పెండ్లిల అందరు తిన్నదాంక మెతుకు ముట్టకపోతివి తమ్ముడో! చీరదేమున్నదిరా, నువ్వు గోనెసంచి పెట్టినా కట్టుకుందును తమ్ముడో!"

బేరమాడుతున్న ఒకావిడ చీర పక్కన పెట్టి, తానూ కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి భుజాన చీరల మూటతో నాన్న వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను ఉరికి వెళ్లి చెవిలో చెప్పాను.

"నాన్నా, నువ్వు పోయినవనుకుంటాంది. బతికే ఉన్ననని చెప్పు!"

"జర ఆగు బిడ్డా" అన్నాడు, కళ్లనిండా నీళ్లతో. "చెప్పనీ."

అత్త ఊపిరి తీసుకోవడానికి ఆగి, తలెత్తి చూసింది. కెవ్వుమంది. మరుక్షణం లేచి వచ్చి, ఆ భుజం మీదే చటుక్కున ఒక్కటి వేసింది. మూట కింద పడింది.

"బతికే ఉన్నవారా?"

"ఉన్ననక్కా."

"నేను గంతగనం ఏడుస్తాంటే సప్పుడుచెయ్యక వింటానవా? సిగ్గు లేదా?"

"బతికున్నప్పుడు ఒక్కనాడన్న గిట్ల చెప్పినవా అక్కా?"

ఆ మాటకు అత్త తమ్ముడి చెయ్యి పట్టుకుని మళ్లీ ఏడ్చింది, ఈసారి మెల్లగా. నాన్నా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఏడుపులయ్యాక విచారణ మొదలైంది.

"మరి నీ పేరుతోటి నల్లంచు కాగితం పంపింది ఎవరు? పోస్టుమ్యాన్ గూడ దూరం నుంచే అందిచ్చిండు. అరుగు మీద పెట్టి, దాని మీద రాయి పెట్టి, తలకు నీళ్లు పోసుకొని రైలెక్కిన!"

"లోపల పూలున్నయత్తా" అన్నాను నీరసంగా.

"ఎవరు ఇప్పి చూసిన్రే!"

సంగతంతా విన్నాక అత్త నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గబగబా బయటికి వెళ్లి, పక్క కొట్టులో రాఖీ కొనుక్కొచ్చి, అక్కడికక్కడే నాన్న చేతికి కట్టేసింది.

"ఇంక పున్నమి రానేలేదు గదక్కా" అన్నాడు నాన్న, చెయ్యి వెనక్కి తీసుకోకుండానే.

"పున్నమినాడు మల్ల వచ్చి కడ్త" అంది అత్త, ముడి గట్టిగా బిగిస్తూ. "అప్పటిదాంక నీ బిడ్డ నిన్ను బతకనిస్తదో లేదో!"

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కాగితం అంచుకూ నల్లరంగు అద్దను. ఎవరినైనా రమ్మని పిలవాలంటే వాళ్ల గడప దాకా వెళ్లి, మా ఇంట్లో అందరూ క్షేమమని ముందే చెప్పి, ఆ తర్వాతే నోరు తెరిచి పిలుస్తాను.