స్కౌట్‌కు పెట్టిన పెరుగన్నం

నున్నటి నేల మీద కుక్క గోళ్ళ చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. మొన్న అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మందుల షాపు వరసలో నిలబడ్డప్పుడు అదే చప్పుడు. నీలం కోటు తొడిగిన కుక్క ఒకటి యజమాని కాలి పక్కన, అటూ ఇటూ చూడకుండా నడిచి వెళ్ళింది. లిండా గుర్తొచ్చింది. ఒక్క మాట చెప్పవలసిన చోట నేను నోరు మెదపలేదు. నా మీద పడవలసిన నింద చాలా ఏళ్ళు ఆమె మోసింది.

లిండా మా పక్కింటావిడ. యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన సైనికులకు తోడుగా ఉండే కుక్కలను ఉచితంగా ఇచ్చే ఒక చిన్న సేవాసంస్థలో శిక్షకురాలు. ఆ కుక్కలను పిల్లలుగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఇంట్లో పెంచి ఇవ్వాలి. అలా మా ఇంటికి వచ్చింది స్కౌట్. అప్పటికి ఇరుగుపొరుగుతో హలో తప్ప ఎరగని నన్ను, దాని వెంట పార్కులకీ లైబ్రరీకీ తిప్పి, ఆ ఊరివాణ్ణి చేసింది లిండా. స్కౌట్ మాట వినలేదని నేను విసుక్కుంటే నవ్వేది.

"దాన్ని తిట్టకు రవీ. నువ్వు నేర్పిందే నీకు తిరిగి చూపిస్తోంది."

ఆమె గట్టిగా చెప్పిన నియమం ఒకటే: మనం తినేది దానికి పెట్టకూడదు. కానీ చివరి పెరుగన్నం ముద్ద కుక్కకు పెట్టకుండా కంచం ముందు నుంచి లేవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు లేదు.

"లిండా వద్దని చెప్పింది కదండీ," అనేది మా ఆవిడ సుజాత.

"ఒక్క ముద్దకే ట్రైనింగ్ పాడైపోతుందా ఏంటి? పాపం, ఎలా చూస్తోందో చూడు."

"ఆ ఒక్క ముద్ద రోజూ పెడుతున్నారు మీరు."

చివరి పరీక్ష ఒక రెస్టారెంట్లో జరిగింది. స్కౌట్ కోసం ఎదురుచూస్తున్న మైకేల్ వచ్చాడు. ఇరాక్‌లో కాలు పోగొట్టుకున్నవాడు. జనంలోకి వెళితే ఊపిరాడక, ఇల్లు కదలడమే మానేశాడు. స్కౌట్ అతని బల్ల కింద కదలకుండా పడుకోవాలి. పక్క బల్ల దగ్గర ఒకాయన చేత్తో తింటుంటే చూసి, ఒక్క ఉదుటున లేచి, ఆయన ఒళ్ళో తల పెట్టి నోరు తెరిచింది. అది గొలుసు లాగిన ఊపుకి మైకేల్ తూలి బల్ల పట్టుకున్నాడు.

"దీనికి ఎవరైనా ప్లేటులోంచి పెట్టారా?" అని అడిగాడు పరీక్ష పెట్టినాయన.

నేను లిండా పక్కన, నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

"శిక్షణ నాది. లోపమూ నాదే," అంది లిండా.

కుక్కలను పెంచే కుటుంబాలను ఎంపిక చేసే పని ఆమె నుంచి తీసేశారు. ఆమె స్కౌట్‌ను తన ఇంట్లో పెట్టుకుని మొదటినుంచీ నేర్పింది. మైకేల్ ఆ చలికాలమంతా నాలుగు గోడల మధ్యే ఉండిపోయాడు. వేసవి ముందు మళ్ళీ పెట్టిన పరీక్షలో స్కౌట్ నెగ్గింది. పెంచినవాళ్ళే కుక్క గొలుసు సైనికుడి చేతికి అందించడం అక్కడి ఆచారం. అందించాను. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడూ చెప్పలేదు.

ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్ళు పొరపాటు చేస్తే, నేనేం నేర్పానని ముందు నన్ను నేను అడుగుతాను. లిండా ఇచ్చిన అలవాటు అది. అడిగిన ప్రతిసారీ ఆ నీళ్ళ గ్లాసు కళ్ళముందు మెదిలేది.

లిండా పని విరమించిన రోజు సంస్థలో విందు పెట్టారు. ఒకాయన మైకులో సరదాగా, "లిండా చేతిలో ఫెయిలైన ఒకే ఒక్క కుక్క, అదిగో," అని మైకేల్ పక్కనున్న స్కౌట్‌ను చూపించాడు. లిండా కూడా నవ్వింది. నేను లేచి మైకు తీసుకుని పెరుగన్నం సంగతి మొత్తం చెప్పాను.

"అందుకేనా! నేను పెరుగు డబ్బా తెరిస్తే చాలు, వీడు పక్కగదిలోంచి వచ్చి కూర్చుంటాడు," అన్నాడు మైకేల్.

హాలంతా నవ్వింది. ఆ నవ్వుల్లో నేనూ నవ్వేసి కూర్చుండిపోవచ్చు. కూర్చోలేదు.

"మైకేల్, ఆ చలికాలం నీకు నా వల్లే పోయింది. లిండా, మీ శిక్షణలో ఏ లోపమూ లేదు. ఆ రోజు వాళ్ళు అడిగినప్పుడు నేను మీ పక్కనే కూర్చుని, నా తప్పు మీ మీద పడనిచ్చాను. నన్ను క్షమించండి."