క్లియర్ చెప్పని ట్రైనీ

ఆ రోజు నేను చేసిన తప్పును ముందే చెప్పేస్తాను. బ్లాస్టింగ్ కాపలాలో ఉన్న మనిషి "క్లియర్ కాదు" అంటే, ఆ మాటలో నిజమెంతో చూడకుండా ఆ మనిషినే తప్పించి, "క్లియర్" అంటాడని నాకు తెలిసినవాణ్ణి అక్కడికి పంపాను. అప్పుడు నేను తాడిపత్రి వైపు ఒక సున్నపురాయి గనికి మేనేజరుని. పదవీ విరమణకు రెండేళ్ళుంది. ముంగారు వానల కోసం జిల్లా అంతా ఆకాశం వైపు చూస్తున్న జూన్ నెల.

ఆ ఏడే కవిత అనే అమ్మాయి మా గనికి గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీగా వచ్చింది. మైనింగ్ చదివి వచ్చినవాళ్ళు మొదటి ఏడాది డ్రిల్లింగ్, బ్లాస్టింగ్, రవాణా, సర్వే అన్నిటిలోనూ తిరగాలి. చివర్లో మేనేజరు రాసే రిపోర్టును బట్టి ఉద్యోగం ఖాయమవుతుంది. మా దగ్గర ఆడపిల్ల ఇంజనీరుగా రావడం అదే మొదలు. ఏ పని చెప్పినా ఎందుకని అడిగేది. ఆ ప్రశ్నలకు విసిగి, బ్లాస్టింగ్ రోజుల్లో ఆమె చేతికి ఎర్రజెండా ఇచ్చి కాపలాకు పంపేవాణ్ణి. మామూలుగా అది కూలీలు చేసే పని.

చదివేవారి కోసం ఆ పని గురించి కొంత చెప్పాలి. మెట్టులా తవ్విన రాతి గట్టులో, మేం బెంచి అంటాం, రంధ్రాలు వేసి మందు దట్టించాక, చుట్టూ అర కిలోమీటరు మేర మనుషుల్నీ పశువుల్నీ ఖాళీ చేయిస్తాం. దారులన్నిటి దగ్గరా కాపలా ఉంటుంది. వాళ్ళంతా వాకీటాకీలో "క్లియర్" అన్నాకే చివరి సైరన్ మోగుతుంది, ఆ తర్వాతే బ్లాస్టర్ బటన్ నొక్కుతాడు. మేం వాడే మందు అమ్మోనియం నైట్రేటుకు డీజిల్ కలిపింది. తడిస్తే పేలదు. పైగా దట్టించిన బెంచి మీద పిడుగు పడితే, మేం నొక్కకుండానే పేలే ప్రమాదం ఉంది.

ఆ మధ్యాహ్నం మందు దట్టించడం పూర్తయ్యేసరికి పడమట మోడాలు కమ్ముకొచ్చాయి. కాపలాలన్నీ క్లియర్ చెప్పాయి, ఒక్క కవిత తప్ప. ఆమె ఉన్నది పాత గుంత ఒడ్డున. రాయి అయిపోయి వదిలేసిన గొయ్యి అది. అక్కడ గొర్రెలు కాసుకునే ఓబులేసుతో ఆమె వాదన వాకీటాకీలో మా అందరికీ వినిపిస్తోంది.

"వాన రావాలని మేమంతా మొక్కుకుంటాంటే, మీ సారు రాగూడదని మొక్కుకుంటాండాడా?" అన్నాడు ఓబులేసు. పేల్చేటప్పుడు మేం తలదాచుకునే షెల్టరులో నాతో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కవిత నాతో మాట్లాడింది. గుంతలో తనకెవరూ కనిపించడం లేదనీ, కానీ తన పెండ్లాం రాతి చరియ కింద ఉందని ఓబులేసు అంటున్నాడనీ, గొర్రె ఈనుతుంటే వదిలేసి రానందనీ చెప్పింది. గడ్డి కోసం ఇలాంటి సాకులు చెప్పి ఓబులేసు మమ్మల్ని అంతకు ముందూ ఆపాడు. పిల్ల మోసపోయిందనుకున్నాను.

"నీకు చెప్పింది జెండా పట్టుకోమని, గొర్రెకు పురుడు పోయమని కాదు" అన్నాను. ఆ మాట కాపలాలందరికీ వినబడింది.

ఆమె మళ్ళీ క్లియర్ కాదనే అంది. అప్పుడే నా తప్పు చేశాను. కూలీల మీద మేట్‌గా ఉన్న నాగరాజును జీపులో పంపి, ఆమె చోట నిలబడమన్నాను. అతను వెళ్ళి ఒడ్డు మీద నుంచే చూసి, "ఎవరూ లేరు సార్, క్లియర్" అన్నాడు. సైరన్ కోసం చెయ్యెత్తాను.

"సార్, నేను గుంతలోకి దిగుతున్నా. ఇప్పుడైతే లోపల ఒక మనిషి ఉన్నట్టు మీకు గ్యారంటీగా తెలుసు కదా" అంది కవిత.

ఎత్తిన చెయ్యి దించక తప్పలేదు. ఉరుములు దగ్గరపడటంతో బెంచి చుట్టుపక్కల నుంచి అందర్నీ వెనక్కి పంపాను. జీపులో గుంత దగ్గరికి చేరేసరికి వాన మొదలైంది. ముందు కవిత, వెనక కొంగులో గొర్రెపిల్లతో ఓబులేసు భార్య పైకి వస్తున్నారు, వాళ్ళ వెనకే తల్లి గొర్రె. వాళ్ళు కూర్చున్న చరియ మా బెంచికి సూటిగా ఎదురుగా ఉంది, పేలితే రాళ్ళు ఎగిరొచ్చేది అక్కడికే.

అది కళ్ళారా చూసి కూడా నేను నోరు విప్పి ఒక మంచి మాట అనలేదు. మందంతా తడిసింది. సాయంత్రం ఆఫీసుకు వెళ్ళి, కవిత ఆజ్ఞలు పాటించదనీ, ఉద్యోగం ఖాయం చేయవద్దనీ రాసి పై ఆఫీసుకు పంపేశాను. మొదటి తప్పు తొందరలో చేసింది. ఇది తీరిగ్గా కూర్చుని చేసింది.

తడిసిన మందును రంధ్రాల్లోంచి కడిగి తీయడం ప్రమాదమైన, విసుగు పుట్టించే చాకిరీ. మరుసటి రోజు అందరి మీదా అరుస్తూ ఆ పని చేయించాను. నాతో ఏళ్ళుగా పనిచేస్తున్న బ్లాస్టర్ మస్తాన్‌కు అప్పటికే రిపోర్టు సంగతి తెలిసింది. తలెత్తకుండానే అన్నాడు.

"ఆ పాప దిగకపోయింటే బటన్ నొక్కేది నా చెయ్యే కదా సార్. అప్పుడు రిపోర్టు ఎవరి మీద రాసింటిరి?"

ఆ మర్నాడు షిఫ్టు మొదలయ్యే ముందు అందరి ఎదుటా, కాపలా మార్చమన్న ఆజ్ఞ నాదేననీ, అది తప్పనీ, కవితను అన్న మాట మరీ తప్పనీ చెప్పాను. ఆమె "సరే సార్" అంది. జరిగింది జరిగినట్టు రాసి, నా రిపోర్టును వెనక్కి తీసుకున్నాను. రిటైరయ్యే వయసులో ఈ తలనొప్పి ఎందుకయ్యా అని పై అధికారి ఫోనులో విసుక్కున్నాడు. నా సంజాయిషీ అడిగారు, నాకు రావాల్సిన చివరి ప్రమోషన్ ఆగింది. అది న్యాయమే. కవిత ఉద్యోగం ఖాయమైంది.

నేను నేర్చుకున్నది చిన్న సంగతి. కాపలా మనిషి "క్లియర్ కాదు" అంటే తొలగించాల్సింది ఆ కారణాన్ని, మనిషిని కాదు. అప్పటి నుంచి నేను రిటైరయ్యే దాకా, బ్లాస్టింగ్ రోజున కవిత షెల్టరులో ఉండి క్లియర్లు తీసుకునేది. పాత గుంత ఒడ్డున ఎర్రజెండాతో నేను నిలబడేవాణ్ణి. మొదటి రోజు నేను క్లియర్ అనగానే, గుంతలోకి దిగి చూశారా అని అడిగింది. చూడలేదన్నాను. సైరన్ ఆపించింది. నేను దిగి, చరియ కింద చూసి, పైకి వచ్చి మళ్ళీ చెప్పాను.