గోడ మీద మా ఆయన ముఖం

డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో మేముండే వీధి చివర కమ్యూనిటీ సెంటర్ ఉంది. దాని గోడ మీద కొన్ని నెలల పాటు మా ఆయన ముఖం ఉండేది.

పోయిన వేసవిలో ఆఫీసు నుంచి వస్తూ, లూవాస్ ట్రామ్ దిగి నడుస్తున్న ఆయన్ని కొందరు కుర్రాళ్ళు చుట్టుముట్టి, మీ దేశానికి పొమ్మంటూ కొట్టారు. దవడ ఎముక చిట్లింది. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి అన్నీ రాసుకున్నారు గానీ ఎవరూ దొరకలేదు. నేను ఆస్పత్రికి చేరేదాకా ఆయన పక్కన కూర్చున్నది సెంటర్ నడిపే ఐరిష్ ఆవిడే.

అందుకే, జాతి వివక్షకు వ్యతిరేకంగా గోడ మీద పెద్ద బొమ్మ వేయిస్తున్నామని, అందులో మీ ముఖం ఉండాలని ఆవిడ ఇంటికొచ్చి అడిగితే ఆయన కాదనలేకపోయాడు. "గ్రాండ్, నో ప్రాబ్లం" అన్నాడు. ఆవిడ వెళ్ళగానే సోఫాలో కూలబడ్డాడు.

"నేనేం ఘనకార్యం చేసిన్నని? తన్నులు తిన్న, గంతే."

"మరి వద్దని చెప్పకపోయారా?"

"ఎట్ల చెప్తనే? నా నెత్తురంతా ఆమె కోటుకే అంటింది."

బొమ్మ వేసింది నైజీరియా తల్లిదండ్రులకు డబ్లిన్‌లో పుట్టిన అమ్మాయి. బాగా వేసింది. కళ్ళ కింది అలసట కూడా వచ్చింది. ప్రారంభం రోజున ప్రసంగాలు, చప్పట్లు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. షాపులో పాలు తీసుకుంటుంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని సారీ చెప్పేవాళ్ళు. అందరూ మంచివాళ్ళే. ప్రతి ఒక్కరినీ ఆయనే ఓదార్చాల్సి వచ్చేది.

చలి ముదిరాక ఒకరోజు మా పాప స్కూలు నుంచి వచ్చి, బ్యాగ్ కూడా దించకుండా, "మమ్మీ, దే గాట్ డాడీ అగైన్" అంది. నేను ఫోన్ కోసం వెతుక్కున్నాను. అది చెప్తున్నది బొమ్మ గురించని అర్థమవడానికి కాసేపు పట్టింది. ఎవరో తెల్ల రంగు తెచ్చి నోటి మీద కుమ్మరించారు.

అందరం వెళ్ళాం. సెంటర్ ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. బొమ్మ వేసిన అమ్మాయి రంగు డబ్బాలు దించుతోంది.

"మళ్ళీ వేసేద్దాం. వదిలేస్తే వాళ్ళే గెలిచినట్టు" అంది ఆవిడ.

"గెలవనివ్వండి" అన్నాడు ఆయన, ఇంగ్లీషులో, మెల్లగా. "నేను అలిసిపోయాను. నన్ను తీసేయండి."

ఆవిడ ఏదో అనబోతే ఆ అమ్మాయి ఆపింది. "ఈ గోడ మీద వేస్తానని ముందు మా అమ్మనే అడిగాను. ఒప్పుకోలేదు. అప్పుడు తన మీద కోపమొచ్చింది" అంటూ నీలం రంగు డబ్బా మూత తీసింది.

మొదటి పూతకి కళ్ళు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆయనే రోలర్ అందుకుని వాటి మీద మరోసారి లాగాడు.

సెంటర్ ఆవిడ ఇప్పుడు ఎదురైతే చెయ్యి ఊపుతుంది గానీ, ఇదివరకులా ఆగి మాట్లాడదు. ఆవిడ బాధా నాకు తెలుసు. నాన్నని మనమే చెరిపేశామని మా పాప చాలా రోజులు ఏడ్చింది. ఆ నెలలోనే ఇంటి లీజ్ ఇంకో ఏడాదికి పొడిగించుకున్నాం.