బందరు కబుర్ల పిన్ని

నాకు అరవై దాటాక గాని అక్షరాలు రాలేదు. అందుకే పిన్ని గురించి ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

ఆమె మా కూలీల ముఠాతో మిరపకాయల కోతకు వచ్చేది. పుట్టింది బందరులోనని చెప్పేది. కోస్తూ కోస్తూ నడుం నిలబెట్టి, "మా బందరు రేవులో అయితేనా..." అని మొదలుపెట్టేది. దేశదేశాల ఓడలు, అద్దకం బట్టల మూటలు, డచ్చి దొరల సమాధుల మీద చెక్కిన పుర్రెలు. వింటూ వింటూ, ఆమె వంతు మిరప సాలు కూడా మేమే తలా కాస్త కోసిపెట్టేవాళ్లం. మోకాళ్ల నొప్పులున్న ఆ మనిషికి కూలి దక్కేది అందువల్లే.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరం వ్యానులో బందరు వెళ్లాం. అక్కడ పిన్నికి రేవుకు దారే తెలియలేదు. ఆటో అతన్ని అడిగింది.

"ఏం పిన్నీ, మీ ఊరు నీకే తెలీదా? రేపట్నుంచి నీ సాలు నువ్వే కోసుకో" అంది మా ముఠా మేస్త్రి. అందరూ నవ్వారు.

పిన్ని సమాధుల దగ్గర మాత్రం గడ్డి కమ్మేసిన ఒక రాయి దగ్గరికి తిన్నగా నడిచి, గడ్డి పక్కకు తీసింది. కింద రాతి మీద చెక్కిన పుర్రె ఉంది.

"అదెట్టా తెలిసింది పిన్నీ?" అన్నాను.

"ఏమోనే" అంది.

నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

మర్నాడు పొద్దున చేలో ఆమె నోరు విప్పకుండా ఒక్కతే వెనకబడిపోయింది. నేను ఆమె సాల్లోకి వెళ్లి కాయలు కోస్తూ, "ఓడలు వచ్చాక ఏమైంది పిన్నీ?" అని అడిగాను.