దించే కూత

నేను దయ్యాలను నమ్మను. పదహారేళ్ళుగా దవాఖానలో నర్సును. పోయినవాళ్ళ ముక్కుల్లో దూది పెట్టి, కాలి బొటనవేళ్ళు కట్టి, మార్చురీ దాకా స్ట్రెచర్ వెంట నడిచి, చేతులు కడుక్కుని టీ తాగడం నా ఉద్యోగం. వరండాలో తెల్లచీర కనిపించిందని చెప్పే ఆయాలను ఆట పట్టించేది కూడా నేనే. ఈ సంగతి తెలిస్తే వాళ్ళు నన్ను బతకనివ్వరు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ముందు మా నాయిన గురించి చెప్పాలి. మాది నారాయణపేట వైపు పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. కాపరి కాపరికీ కూత వేరుగా ఉంటుంది. ఒకరి కూతకు ఇంకొకరి మంద కదలదు. రోడ్డెక్కిన మందను పక్కకు దించడానికి నాయినకు ఒక కూత ఉండేది. నాలుకతో రెండుసార్లు టకటక కొట్టి, గొంతు లోపలి నుంచి పొడుగ్గా 'హోయ్‌ర్' అనేవాడు. చివర బీడీ దగ్గు వచ్చేది. ఆ దగ్గు కూడా కూతలో భాగమేనని గొర్లు అనుకునేవేమో! వెనక్కి మలపడానికి మెత్తగా ఈల వేసేవాడు. దించే కూత విన్న మంద, ఆ ఈల వినేదాకా దిగినచోటే నిలబడేది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాదే నాయిన పోయాడు. మంద రోడ్డు దాటుతుంటే జీపు వచ్చింది. మందను దించాడు, తాను దిగలేకపోయాడు. మేం చేరేసరికి గొర్లన్నీ పక్క చేనులో నిలబడి ఉన్నాయి. ఈల వేసే మనిషి లేడు. వాటిని ఒక్కొక్కటిగా లాక్కొని ఇంటికి తెచ్చుకున్నాం. నెల తిరగకముందే అమ్మేశాం. అమ్మ వాటి ముఖం చూడలేకపోయింది.

ఆ తర్వాత నాలుగో ఎండాకాలంలో తమ్ముడు మల్లేశ్ మళ్ళీ జీవాలు పెట్టుకుంటానన్నాడు. సంతలో పన్నెండు గొర్లు కొని తన ట్రాలీ ఆటోలో ఎక్కించాడు. అవి ఏ ఊరివో, ఎవరు కాసినవో మాకు తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అమ్మ, నేను, ఆరేళ్ళ నా కూతురు స్వాతి ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం.

మహబూబ్‌నగర్ రోడ్డు మీద మధ్యాహ్నం మూడు కావస్తుండగా వెనక టైరు పేలింది. చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు. మెకానిక్కుకు ఫోన్ చేస్తే గంట పడుతుందన్నాడు. మట్టి మీదికి పూర్తిగా దించితే జాకీ దిగబడుతుందని మల్లేశ్ బండిని సగం తారు మీదే ఆపాడు. వెనక పదడుగుల దూరంలో నాలుగు రాళ్ళు పేర్చి, ఒక తుమ్మకొమ్మ అడ్డం వేశాడు. మా దగ్గర అందరూ చేసేది ఇదే. వేగంగా వచ్చే లారీకి పదడుగులు ఏ మూలకు?

గొర్లు రొప్పుతుంటే కిందికి దించాం. చుట్టూ బీడు, ఎర్రమట్టి, అక్కడక్కడా పెద్ద రాతిగుండ్లు. ఒక్క చెట్టు లేదు. నీడ ఉన్నది బండి ముందు మాత్రమే, అదీ చారెడు. అమ్మ అందులో కూర్చుని పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

"అమ్మా, గా బీట్లకు పోదాం, రోడ్డు మీద వద్దే" అన్నాను.

"ఎండకు పిల్ల మాడిపోతది బిడ్డా. ఈడ జర సల్లగున్నది, కూసో."

నేనూ కూర్చున్నాను. ఆగిన బండి దగ్గర దెబ్బ తిన్నవాళ్ళు ఎంతమంది నా చేతుల మీదుగా పోయారో నాకే తెలుసు. అయినా కూర్చున్నాను. ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

గొర్లు మా పక్కనే ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి గుంపుగా నిలబడ్డాయి. ఎండపూట గొర్రె అట్లా నిలబడితే కట్టెతో కొట్టినా కదలదు. గొర్లు కాసిన ఎవరినైనా అడగండి.

అప్పుడు వినిపించింది. రెండు టకటకలు, 'హోయ్‌ర్', చివర దగ్గు. బీడు వైపు నుంచి.

పన్నెండు గొర్లూ ఒక్కసారి తలలెత్తి, వరుసగా రోడ్డు దిగి, పక్కనున్న ఎండిన కాలువ దాటి బీట్లోకి నడిచాయి. "ఓ మల్లేశ్, జీవాలు పోతున్నయిరో!" అంటూ అమ్మ పాపను నా చేతుల్లో పడేసి వాటి వెంట పడింది. నేను పాపను చంకనేసుకుని అమ్మ వెనక పరుగెత్తాను. టైరు దగ్గర కూర్చున్న మల్లేశ్ పానా చేతపట్టుకునే మమ్మల్ని దాటిపోయాడు.

ముప్పై అడుగులు పోయి ఉంటాం. వెనక పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే లారీ బండిని వెనక నుంచి గుద్ది, మేం కూర్చున్న చోటు మీదుగా ఈడ్చుకుపోయి కాలువలో పడేసింది. నీడ ఉన్నచోట స్వాతి చెప్పు ఒకటి తారుకు అతుక్కుని ఉంది.

లారీ డ్రైవరు మోకాలు చితికింది. "కళ్ళు మూతవడ్డయక్కా" అని ఏడ్చాడు. నా చున్నీతో కట్టు కట్టి అంబులెన్సుకు ఫోన్ చేశాను. నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అంబులెన్సు వచ్చి అతన్ని తీసుకుపోయింది.

"నాయిన కూత ఎప్పుడు నేర్సినవక్కా?" అని మల్లేశ్ అడిగాడు.

"నేను కుయ్యలే. నువ్వే అనుకున్న."

"నేను బోల్టులు ఇప్పుతున్న. దగ్గు గుడ వచ్చె గదా!"

దగ్గు సంగతి నేను అప్పటికి ఎత్తనేలేదు. మల్లేశ్ గుండ్ల దాకా పోయి వెతికి వచ్చాడు. మనిషి లేడు, అడుగుల జాడ కూడా లేదు. అమ్మను అడిగితే, "నాకేం ఇనవడలే. గొర్లు లేసినయి, నేను లేసిన" అంది.

లారీ చప్పుడుకు గొర్లు బెదిరాయని నాకు నేనే చెప్పి చూసుకున్నాను. కానీ బెదిరిన గొర్లు చెల్లాచెదురవుతాయి, ఇట్లా వరుసలో దిగవు. పోనీ, ఎండకు మా ఇద్దరికీ భ్రమ కలిగిందనుకుందాం. గొర్లకు కూడానా? అవి నాయినను ఎన్నడూ చూడలేదు కదా.

ఇప్పుడు ఆగిన బండి నీడలో ఎవరు కూర్చున్నా నా స్కూటీ ఆపుతాను. రోడ్డు దిగి దూరంగా నిలబడమని, రాళ్ళు ఇంకా చాలా వెనక్కి పెట్టమని, పోయేముందు వాటిని తీసేయమని పోరు పెడతాను. నువ్వెవరివమ్మా అని విసుక్కుంటారు. విసుక్కోనీ. లేచేదాకా నేను కదలను.

ఆ రోజు సంగతి ఇంకొకటి మిగిలింది. పొద్దుగూకే వేళకు మల్లేశ్ స్నేహితుడు వేరే బండి తెచ్చాడు. గొర్లు మాత్రం బీట్లోనే నిలబడి ఉన్నాయి. మల్లేశ్ అదిలించాడు, ఈల వేశాడు, చెవులు పట్టి లాగాడు. ఒక్కటీ కదల్లేదు. నాయిన పోయిన రోజు చేనులో నిలబడ్డ మంద గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు.

ఏమీ వినపడలేదన్న అమ్మ మెల్లగా కాలువ దాకా నడిచింది. కొంగు తలమీదికి లాక్కుని, ఖాళీ బీడు వైపు చూస్తూ, నాయినను ఎప్పుడూ పిలిచినట్టే పిలిచి అంది:

"మల్లేశ్ నాయినా, అందరం దిగినం. పిల్ల మంచిగున్నది. ఇగ జీవాలను మలుపు."

మాకు ఏ ఈలా వినిపించలేదు. గొర్లు తలలెత్తాయి. ఒకదాని వెనక ఒకటి కాలువ దాటి మా దగ్గరికి నడిచి వచ్చాయి. దానికి కారణం నాకు ఈ రోజుకీ తెలియదు.